ఏసీ గంటల్లో తింటుంది, చక్రాలు కిలోమీటర్లలో తింటాయి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. మన సైబరాబాద్‌లో రోళ్లు పెద్దగా కనిపించవు కాబట్టి ఆ ఎండంతా కార్ల మీదే పడుతుంది. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి మైండ్‌స్పేస్ దగ్గర ఆరుబయట పెట్టిన కారెక్కి సీటు బెల్టు బకిల్ ముట్టుకుని చూడండి, సామెత ఎంత నిజమో చెయ్యే చెప్తుంది.

ఆ కార్లలో ఆకుపచ్చ నంబర్ ప్లేట్లవి ఏటేటా పెరుగుతున్నాయి. తెల్ల అక్షరాలుంటే సొంత ఎలక్ట్రిక్ కారు, పసుపు అక్షరాలుంటే ట్యాక్సీ. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం మాఫీ చేశాక ఇళ్లలో కొనేవాళ్లూ ఎక్కువయ్యారు. దాంతో ఎండాకాలం రాగానే హాస్టల్‌లో, క్యాంటీన్‌లో, బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో అవే రెండు ప్రశ్నలు. "కరెంటు కారులో ఏసీ సరిగ్గా చల్లబరుస్తుందా?" "ఏసీ వేస్తే రేంజ్ సగానికి పడిపోతుందంట కదా?"

మొదటిదానికి జవాబు చిన్నది. చల్లబరుస్తుంది. ట్రాఫిక్‌లో అయితే పెట్రోల్ కారు కంటే బాగా చల్లబరుస్తుంది. రెండోదానికి జవాబు "అవును" అన్నా నిజమే, "కాదు" అన్నా నిజమే. ఒకే ఏసీ, ఒకే కారు, ఒకే ఎండ, కానీ గచ్చిబౌలి జంక్షన్‌లో ఒక లెక్క, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇంకో లెక్క. ఆ తిరకాసు ఏంటో అర్థమైతే చల్లదనమూ దక్కుతుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది.

ఇది కారున్నవాళ్ల సుఖం గురించి మాత్రమే కాదు. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు "నో ఏసీ" ఉద్యమం చేశారు గుర్తుందా? తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ పిలుపు అది. ఏసీ వేసి నడిపితే కిలోమీటరుకి 16 నుంచి 18 రూపాయలు ఖర్చవుతోందని, యాప్ కంపెనీల నుంచి చేతికొచ్చేది 10 నుంచి 12 రూపాయలేనని యూనియన్ చెప్పిన లెక్క. వెనక సీట్లో మనం "అన్నా, కాస్త ఏసీ వేయరా" అంటాం. ముందు సీట్లో ఆయన మీటర్ వైపు చూస్తాడు. ఆ మాటకీ ఆ చూపుకీ మధ్య ఉన్నది థర్మోడైనమిక్సే. క్యాబ్ కరెంటుదైతే ఆ లెక్క ఎలా మారుతుందో చివర్లో చూద్దాం.

కుండలో నీళ్లు, కారులో గ్యాస్

థర్మో పేపర్ ఇంకా మిగిలి ఉన్నవాళ్లు కంగారు పడొద్దు. మన అమ్మమ్మల ఇంట్లో మట్టికుండ ఉండేది కదా, ఏసీ పని చేసేది దాదాపు అదే సూత్రం మీద. కుండ గోడల్లోంచి ఊరిన నీళ్లు ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతాయి. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ వేడిని పక్కనున్నదాంట్లోంచి లాక్కుంటుంది. అంతే.

కుండలో ఆవిరైన నీళ్లు గాల్లో కలిసిపోతాయి, మనం మళ్లీ పోసుకోవాలి. ఏసీలో ఆవిరైనదాన్ని పట్టి, మళ్లీ ద్రవంగా మార్చి వాడుకుంటాం. డ్యాష్‌బోర్డ్ వెనక ఉన్న ఎవాపరేటర్‌లో గ్యాస్ ఆవిరవుతూ క్యాబిన్ వేడిని లాక్కుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి ఇంకా వేడెక్కిస్తుంది. ఎందుకు వేడెక్కించాలి? వేడి ఎప్పుడూ ఎక్కువ వైపు నుంచి తక్కువ వైపుకే పోతుంది కాబట్టి. బయట 42 డిగ్రీలు ఉంటే, బండి ముందు భాగంలో ఉండే కండెన్సర్‌లో గ్యాస్ 55, 60 డిగ్రీలు ఉంటేనే బయటి గాలికి వేడి దిగుతుంది. దిగాక గ్యాస్ ద్రవమవుతుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటగానే చల్లబడి మళ్లీ ఎవాపరేటర్‌కి చేరుతుంది.

అంటే ఏసీ చల్లదనాన్ని తయారు చెయ్యదు. లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. అది కూలీ లాంటిది. ఒక యూనిట్ కరెంటు ఇస్తే రెండు, మూడు యూనిట్ల వేడిని మోస్తుంది. మోయాల్సిన ఎత్తు పెరిగేకొద్దీ, అంటే లోపలికీ బయటికీ తేడా ఎక్కువయ్యేకొద్దీ, అదే కూలికి మోసే బరువు తగ్గిపోతుంది. కాబట్టి ఏసీ బాగా పని చెయ్యాలంటే చూసుకోవాల్సినవి రెండే. మోయాల్సిన వేడి తక్కువుండాలి. పారబోసే చోట దారి సాఫీగా ఉండాలి.

సిగ్నల్ దగ్గర తేలే తేడా

పెట్రోల్, డీజిల్ కార్లలో చాలావాటికి కంప్రెసర్‌ని తిప్పేది ఇంజిన్ బెల్టే. ఇంజిన్ వేగమే కంప్రెసర్ వేగం. బయోడైవర్సిటీ జంక్షన్‌లో సిగ్నల్ పడి బండి ఆగితే ఇంజిన్ నిమిషానికి 800 చుట్లకి దిగుతుంది, కంప్రెసర్ కూడా నీరసిస్తుంది. ఇంజిన్ వేడి కూడా అక్కడే, బానెట్ కింద తిష్ట వేసుకుని ఉంటుంది. అందుకే బండి కదిలితే చల్లగా, ఆగితే ఉక్కగా ఉంటుంది.

కరెంటు కారులో కంప్రెసర్‌కి సొంత మోటార్ ఉంటుంది. పెద్ద బ్యాటరీ నుంచి నేరుగా హై వోల్టేజ్ కరెంటు తీసుకుంటుంది. చక్రాలు తిరుగుతున్నాయా లేదా అన్నదానితో దానికి పని లేదు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా పూర్తి వేగంతో తిరగగలదు, క్యాబిన్ చల్లబడ్డాక వేగం తగ్గించుకుని మెల్లగా నడవగలదు. బెల్టు కంప్రెసర్‌లు చాలావరకు 'ఆన్' లేదా 'ఆఫ్', అంతే. ఇది ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినట్టు ఎంత కావాలో అంతే తిరుగుతుంది. ఆగిన బండి కండెన్సర్‌కి ఎదురుగాలి ఉండదు కాబట్టి ముందున్న ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. ఆగిన ఎలక్ట్రిక్ కారు ముందు నుంచి వినిపించే గుయ్ మనే శబ్దం ఎక్కువగా ఆ ఫ్యాన్‌దే. చాలామంది ఏదో పాడైందనుకుంటారు. పాడవలేదు, కూలీ చెమటోడుస్తున్నాడు.

వేడి ఎటు నుంచి వస్తుంది?

నాలుగు దారులున్నాయి.

మొదటిది అద్దాలు. నడినెత్తిన ఎండ చదరపు మీటరుకి సుమారు 1000 వాట్ల శక్తి దించుతుంది. అన్ని అద్దాల మీదా ఒకేసారి నేరుగా పడదు కాబట్టి మామూలు కారులోకి ఒక కిలోవాట్ అటూ ఇటూగా దిగుతుందనుకోండి. అంటే లోపల ఒక ఇస్త్రీపెట్టె ఆన్ చేసి పెట్టినట్టే. పైకప్పంతా అద్దం ఉన్న మోడల్ అయితే ఎండకి ఇంకో తలుపు తీసినట్టు. షోరూమ్‌లో ముచ్చటగానే ఉంటుంది, మే నెలలో దానికి కింద తెర లేకపోతే మాడు పగులుతుంది.

రెండోది పార్కింగ్‌లో నానిన వేడి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఎండలో మూసి ఉంచిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీల దాకా పెరిగింది. అందులో 80 శాతం పెరుగుదల మొదటి అరగంటలోనే. కిటికీలు కాస్త దించి పెట్టినా పెద్దగా తేడా రాలేదు. పిల్లల్ని కార్లో వదిలేస్తే ఏమవుతుందో చూడటానికి చేసిన పరిశోధన అది. "ఐదు నిమిషాల్లో వచ్చేస్తా" అని పిల్లల్ని గానీ కుక్కపిల్లని గానీ కార్లో ఉంచి వెళ్లకూడదు అనేది అందులోంచి ముందుగా నేర్చుకోవాల్సింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. కారులో గాలి ఎంత? మూడు ఘనపు మీటర్లు, అంటే మూడున్నర కిలోలు. దాన్ని 25 డిగ్రీలు చల్లబరచడానికి తియ్యాల్సిన వేడి చాలా తక్కువ, ఒక యూనిట్‌లో నలభయ్యో వంతు. మరి ఏసీ పది, పదిహేను నిమిషాలు ఎందుకు ఆయాసపడుతుంది? సీట్ల ఫోమ్, డ్యాష్‌బోర్డ్ ప్లాస్టిక్, తలుపుల పలకలు, వాటి కింది ఇనుము. ఇవి వంద కిలోలు అనుకున్నా, నిల్వ చేసుకున్న వేడి ఒక యూనిట్ దాకా ఉంటుంది. గాలి కంటే నలభై రెట్లు! గాలిని చల్లబరిచినా ఇవి తిరిగి దాన్ని వేడి చేస్తూనే ఉంటాయి. ఏసీ పోరాటం గాలితో కాదు, సామానుతో.

మూడోది బయటి గాలి. రీసర్క్యులేషన్ బటన్ నొక్కకపోతే 40 డిగ్రీల గాలిని లోపలికి తెచ్చి మొదట్నించీ చల్లబరుస్తూ ఉంటాం. ఇదొక్కటే దాదాపు అర కిలోవాట్ వేడి. నాలుగోది మనం. ఊరికే కూర్చున్న మనిషి సుమారు వంద వాట్ల వేడి వదులుతాడు. ఫెస్ట్‌కి వెళ్తూ ఐదుగురు ఇరుక్కుని కూర్చుంటే అర కిలోవాట్ హీటర్ వేసినట్టే. స్నేహం వెచ్చనిదని ఊరికే అనలేదు.

రెండు మీటర్లు, రెండు లెక్కలు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కరెంటు బిల్లులో యూనిట్ అంటామే, అంటే ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు వాడిన కరెంటు, బ్యాటరీ లెక్క కూడా అందులోనే. టాటా టియాగో ఈవీ చిన్న బ్యాటరీ 19.2 యూనిట్లు, పెద్దది 24. ఎంజీ కామెట్‌ది 17.3. నెక్సాన్ ఈవీ 2020లో వచ్చినప్పుడు 30.2.

ఈ ట్యాంకులోంచి రెండు గొట్టాలు వెళ్తున్నాయి. ఒకటి చక్రాలకి. అది కిలోమీటర్ల లెక్కన తీసుకుంటుంది. బండి ఆగితే అదీ ఆగిపోతుంది. చిన్న కారుకి ఊళ్లో కిలోమీటరుకి సుమారు 0.12 యూనిట్ అనుకుందాం. రెండోది ఏసీకి. దానికి కిలోమీటర్లతో సంబంధం లేదు, గంటల లెక్కన తీసుకుంటుంది. నానిన కారుని చల్లబరిచే మొదటి నిమిషాల్లో మూడు, నాలుగు కిలోవాట్ల దాకా లాగినా, కుదురుకున్నాక మంచి ఎండలో 1.2 కిలోవాట్లు అనుకుందాం. ఈ అంకెలు కారుని బట్టి, ఎండని బట్టి మారతాయి. లెక్క తీరు మాత్రం మారదు.

సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ కొండాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్తున్నాం అనుకోండి. పది కిలోమీటర్లు, ట్రాఫిక్ దయవల్ల గంట. చక్రాలు తిన్నది 10 × 0.12 = 1.2 యూనిట్లు. ఏసీ తిన్నదీ 1.2 యూనిట్లే. సరిగ్గా సగం సగం! "ఏసీ వేస్తే రేంజ్ సగమైపోయింది" అన్నవాళ్లు అబద్ధం చెప్పలేదు.

అదే కారు, అదే ఏసీ, గచ్చిబౌలి నుంచి ఔటర్ ఎక్కి శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ వైపు. 30 కిలోమీటర్లు, 25 నిమిషాలు. వేగం వల్ల గాలి ఎదురు తంతుంది కాబట్టి కిలోమీటరుకి 0.14 వేసుకుందాం. చక్రాలకి 4.2 యూనిట్లు, ఏసీకి అర యూనిట్. చక్రాల వాటాలో ఎనిమిదో వంతు కూడా కాదు. "ఏసీ వల్ల తేడానే తెలియలేదు" అన్నవాళ్లూ అబద్ధం చెప్పలేదు.

2019లో అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం ఐదు ఎలక్ట్రిక్ కార్లని ల్యాబ్‌లో పరీక్షించి, 35 డిగ్రీల్లో ఏసీ వేస్తే రేంజ్ సగటున 17 శాతం తగ్గిందని తేల్చింది. మన రెండు ఉదాహరణల మధ్యలో పడే అంకె. ఇంటర్నెట్‌లో జనం కొట్టుకునేది ఈ సగటు గురించే. కానీ సగటు కారు, సగటు రోడ్డు ఎక్కడా ఉండవు. మీ దారిలో గంటకి ఎన్ని కిలోమీటర్లు పోతున్నారు అన్నదే మీ అంకె.

ఇందులో ఒక వింత ఉంది చూశారా? ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడే కరెంటు కారు ఏసీ పెట్రోల్ కారు కంటే బాగా పని చేస్తుంది. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడే అది రేంజ్‌ని ఎక్కువ కొరుకుతుంది. రెండూ ఒకే కారణం వల్లే. దానికి చక్రాలతో సంబంధం లేదు కాబట్టి.

బ్యాటరీకీ ఎండ దెబ్బ తగులుతుంది

ఏసీకి మనం ఒక్కళ్లమే యజమానులం కాదు. లిథియం అయాన్ బ్యాటరీకి కూడా మనలాగే ముప్పై డిగ్రీల లోపు వాతావరణం ఇష్టం. ఎక్కువకాలం వేడిలో ఉంటే దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుకే ఇప్పటి కార్లలో చాలావాటికి బ్యాటరీ చుట్టూ కూలెంట్ తిరిగే ఏర్పాటు ఉంటుంది. ఆ కూలెంట్‌ని చల్లబరిచేది కూడా ఈ కంప్రెసరే. ఒక్క కూలీ, ఇద్దరు ఆసాములు.

ఈ జాగ్రత్త ఎందుకో ప్రపంచానికి నేర్పింది అమెరికాలోని అరిజోనా ఎడారి. నిస్సాన్ లీఫ్ తొలి కార్లలో బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు లేదు. 2012 నాటికే అక్కడి యజమానులు కొన్నది నిన్నగాక మొన్న, అప్పుడే కెపాసిటీ తగ్గిపోతోందని గోల పెట్టారు.

మనకి దీని వల్ల తెలియాల్సింది ఒకటుంది. మిట్టమధ్యాహ్నం ఫాస్ట్ ఛార్జర్ దగ్గర బండి పెట్టి, లోపల కూర్చుని ఏసీ వేసుకుంటే, అదే సమయంలో బ్యాటరీ కూడా బాగా వేడెక్కి చల్లదనం అడుగుతుంది. అప్పుడు కారు బ్యాటరీ మాటే ముందు వినొచ్చు. లోపల చల్లదనం కాస్త తగ్గొచ్చు, లేదా ఛార్జింగ్ నెమ్మదించొచ్చు. అది జబ్బు కాదు, ప్రాధాన్యం. వీలైతే ఎండాకాలంలో ఫాస్ట్ ఛార్జింగ్ పొద్దున్నే గానీ రాత్రి గానీ, నీడలో పెట్టుకోవడం మేలు.

మరి ఏం చెయ్యాలి?

పైన చెప్పినవన్నీ అర్థమైతే కింద చెప్పేవి కంఠస్థం పట్టక్కర్లేదు, వాటంతటవే తోస్తాయి.

ఒకటి, నీడ. వంద మీటర్లు ఎక్కువ నడవాల్సొచ్చినా సెల్లార్‌లోనో చెట్టు కిందో పెట్టండి. అలా కుదరకపోతే ముందు అద్దానికి వెండి రంగు తెర పెట్టండి. డ్యాష్‌బోర్డ్ వేడెక్కకుండా ఆపడం, వేడెక్కాక చల్లబరచడం కంటే చాలా చవక.

రెండు, ఎక్కగానే తలుపులు తీసి, కిటికీలు దించి, ఒక నిమిషం వేడి గాలిని పోనివ్వండి. లోపల 60 డిగ్రీలుంటే బయటి 42 డిగ్రీల గాలే అమృతం. కిటికీలు దించే మొదటి రెండు వందల మీటర్లు నడిపినా సరే. ఆ తర్వాత కిటికీలు ఎత్తి, రీసర్క్యులేషన్ నొక్కి, ఫ్యాన్ పెంచండి. దూర ప్రయాణంలో మాత్రం మధ్యమధ్యలో కాసేపు బయటి గాలి రానివ్వండి. మూసిన కారులో మన ఊపిరి వల్ల కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతగా అనిపిస్తుంది.

మూడు, కరెంటు కారుకే ఉన్న వరం ఇది. ఛార్జర్‌కి తగిలించి ఉండగానే, బయల్దేరే పది నిమిషాల ముందు ఫోన్ యాప్ లోంచి ఏసీ వేసేయండి. ఈ సౌకర్యం ఉన్న మోడళ్లు చాలానే ఉన్నాయి. సామానులో నానిన ఆ ఒక యూనిట్ వేడిని తియ్యడానికి అర యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. దాన్ని గోడ ప్లగ్గు భరిస్తే మీ బ్యాటరీలో నాలుగు కిలోమీటర్లు మిగిలినట్టే. పెట్రోల్ కారుని మూసిన సెల్లార్‌లో ఇలా స్టార్ట్ చేసి ఉంచితే పొగతో ప్రాణం మీదికొస్తుంది. దీనికి ఆ బాధ లేదు.

నాలుగు, 18 డిగ్రీలు పెడితే త్వరగా చల్లబడుతుందనే నమ్మకం వదిలేయండి. మొదట్లో కంప్రెసర్ ఎలాగూ తన శక్తి మేరకే పరిగెడుతుంది. 18 అంటే త్వరగా అని కాదు, ఆగొద్దు అని. ఇళ్లల్లో వాడే ఏసీలకి 2020 జనవరి నుంచి మన దేశంలో 24 డిగ్రీలు డిఫాల్ట్ చేశారు. కారులో కూడా 24, 25 పెట్టి ఫ్యాన్ కాస్త పెంచితే ఒంటికి హాయి, కంప్రెసర్‌కి విశ్రాంతి. సీట్లకి గాలాడే సౌకర్యం ఉంటే ముందు అది వాడండి. కారంతటినీ చల్లబరచడం కంటే వీపుని చల్లబరచడం తేలిక.

ఐదు, అద్దాల సంగతి. నల్ల ఫిల్మ్ అతికించేయాలన్న ఆలోచన వద్దు. 2012లో సుప్రీంకోర్టు దీని మీద గట్టి తీర్పు ఇచ్చింది. రూల్ ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. నిజానికి నలుపుకీ చల్లదనానికీ అంత చుట్టరికం లేదు. ఎండలోని శక్తిలో సగం దాకా కంటికి కనపడని పరారుణ కిరణాలది. వాటిని ఆపే గాజు దాదాపు తెల్లగానే ఉండొచ్చు. కొత్త కారు కొనేటప్పుడు సన్‌రూఫ్ ఉందా అని అడిగే ముందు అద్దం పరారుణాన్ని ఆపుతుందా అని అడగండి.

ఆరు, దుమ్ము. కోకాపేట, నార్సింగి వైపు రోజూ తిరిగే బండికి అక్కడి కట్టడాల దుమ్మంతా కండెన్సర్ రెక్కల్లో ఇరుక్కుంటుంది. వేడి పారబోసే దారి మూసుకుపోతుంది. క్యాబిన్ ఫిల్టర్‌దీ అదే కథ. ఎండాకాలానికి ముందే ఫిల్టర్ మార్పించి, కండెన్సర్‌ని తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగించడం మంచిది. "గ్యాస్ తగ్గింది" అని చెప్పే బండ్లలో కొన్నింటికి కావాల్సింది ఈ స్నానమే.

ఏడు, ఇది అన్నిటికంటే ముఖ్యం. నిజంగానే గ్యాస్ తగ్గితే ఎలక్ట్రిక్ కార్ల పని తెలిసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. పెట్రోల్ కార్ల కంప్రెసర్‌లలో సాధారణంగా వాడే పీఏజీ ఆయిల్ వేరు, ఎలక్ట్రిక్ కంప్రెసర్‌లలో సాధారణంగా వాడే పీఓఈ ఆయిల్ వేరు. ఈ కంప్రెసర్‌లో మోటార్ తీగచుట్టలు ఆ ఆయిల్, గ్యాస్ మధ్యలోనే మునిగి ఉంటాయి. కాబట్టి ఆ ఆయిల్ కరెంటుని పారనివ్వకూడదు. తప్పు ఆయిల్ కలిస్తే ఇన్సులేషన్ దెబ్బతిని, కారు ప్రమాద హెచ్చరిక చూపించి స్టార్ట్ కాకుండా మొరాయించొచ్చు. నారింజ రంగు కేబుల్ కనబడితే అది హై వోల్టేజ్ అని అర్థం. మనం మెకానికల్ బ్రాంచ్ అయినా సరే, అక్కడ చెయ్యి పెట్టకూడదు.

ముందు సీట్లో అన్న లెక్క

ఇప్పుడు క్యాబ్ దగ్గరికి వద్దాం. పెట్రోల్ క్యాబ్ ట్రాఫిక్‌లో ఆగి ఏసీ నడపాలంటే ఇంజిన్ నడవాలి. చిన్న కారు కూడా అలా గంటకి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. 2024లో ఉద్యమం జరిగినప్పుడు హైదరాబాద్‌లో లీటరు పెట్రోల్ 107 రూపాయల పైనే. కిరాయి వచ్చేది ప్రధానంగా కిలోమీటర్ల లెక్కన, ఏసీ ఖర్చేమో గంటల లెక్కన. ట్రాఫిక్ ఎంత నెమ్మదిస్తే ఆయనకి అంత నష్టం. "నో ఏసీ" గొడవకి అడుగున ఉన్న ఫిజిక్స్ ఇది.

కరెంటు క్యాబ్‌లో గంట ఏసీకి 1.2 యూనిట్లు. యూనిట్ పది రూపాయలు వేసుకుంటే 12 రూపాయలు, బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఇరవై వేసుకుంటే 24 రూపాయలు. డబ్బుల పరంగా గొడవ చాలావరకు చల్లబడిపోయింది. మరి కొన్ని కరెంటు క్యాబుల్లో కూడా ఏసీ వేయమంటే ఎందుకు మొహం ముడుస్తారు?

పది గంటల డ్యూటీ వేసుకోండి. ఏసీకి 12 యూనిట్లు. బండి బ్యాటరీ 25 యూనిట్లయితే దాంట్లో సగం. అంటే మధ్యాహ్నం ఇంకోసారి ఛార్జింగ్‌కి పోవాలి. అరగంటో ముప్పావుగంటో ఛార్జింగ్, దానికి ముందు క్యూ, అక్కడికి ఖాళీగా వెళ్లే కిలోమీటర్లు. ఆ గంటన్నరలో పోయే రెండు, మూడు రైడ్లే ఆయన అసలు నష్టం. పన్నెండు రూపాయల కరెంటు కోసం కాదు ఆయన ఏసీ కట్టేసేది, పోయే గంట కోసం.

దీనికి మందు ప్రయాణికుడి దగ్గర కొంత ఉంది. ఎక్కాక కిటికీ ఒక నిమిషం దించి వేడి పోనివ్వొచ్చు. 18 కాకుండా 25 చాలని మనమే చెప్పొచ్చు. క్యాబ్ వచ్చాక ఐదు నిమిషాలు ఎండలో నిలబెట్టకుండా ముందే గేటు దగ్గర ఉండొచ్చు. అసలు మందు మాత్రం పైవాళ్ల దగ్గరే ఉంది. కిరాయి లెక్కలో ట్రాఫిక్‌లో పోయే గంటలకి తగిన విలువ కట్టాలి. క్యాబులు ఆగే చోట నీడ ఉండాలి, ఆ నీడలో ఛార్జర్ ఉండాలి. వేలకోట్ల ఫ్లైఓవర్లు కట్టిన కారిడార్‌లో ఇది పెద్ద కోరికేం కాదు. ఆఫీసు టవర్ల లోపల సర్వర్లు ఎండాకాలమంతా చల్లగానే ఉంటాయి. వాటి దగ్గరికి మనుషుల్ని చేర్చే డ్రైవర్‌కి కూడా ఆ మాత్రం చల్లదనం దక్కాలి కదా.

చివరగా మన క్లబ్ తరఫున ఒక చిన్న హోంవర్క్. మీ ఇంట్లో ఎలక్ట్రిక్ కారు ఉంటే ఈ ఎండల్లో ఒకే దారిలో రెండు రోజులు వెళ్లి చూడండి. ఒకరోజు ఎండలో నానిన కారుతో, ఇంకో రోజు నీడలో పెట్టి, ప్లగ్‌లో ఉండగానే చల్లబరిచిన కారుతో. ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు, బ్యాటరీ ఎంత శాతం తగ్గింది, ఈ మూడు అంకెలు రాసి పంపండి. వచ్చే సంచికలో అన్నీ కలిపి పట్టిక వేద్దాం. అమెరికా ల్యాబ్ సగటు ఎలాగూ ఉంది. మన కొండాపూర్ ట్రాఫిక్ సగటు మనమే లెక్కకట్టాలి.